మా కుందేలు బొచ్చు పీక్కుంటూ గడ్డి కుప్పేస్తోంది, పిల్లలు పెట్టబోతోందా?

సుజాత_ఖమ్మం

నమస్కారమండీ. మేముండేది ఖమ్మంలో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. పోయిన నెల పాప పుట్టినరోజుకి సంతలో రెండు తెల్ల కుందేళ్లు కొన్నాం. రెండూ ఆడవే అని అమ్మినాయన చెప్పాడు. బాల్కనీలో ఇనుప జాలీ బోను చేయించి అందులో పెట్టాం.

నిన్న సాయంత్రం నుంచి వాటిల్లో లావుగా ఉన్నది గడ్డం కింద, పొట్ట మీద బొచ్చు నోటితో పీకేసుకుంటోంది. లోపలి చర్మం ఎర్రగా కనబడుతోంది. ఎండుగడ్డి నోట్లో అడ్డంగా కరుచుకుని బోనంతా తిరిగి తిరిగి ఒక మూల కుప్పేసింది. రెండోది దగ్గరికొస్తే గుర్రుమని తరుముతోంది. మేత ముట్టలేదు, నీళ్లు మాత్రం తాగుతోంది. మా వారు గజ్జి అంటున్నారు. మా అత్తయ్యగారేమో ఏమీ అనకుండా పొద్దున్నుంచి దాన్ని చూసి నవ్వుకుంటున్నారు.

నిజంగా పిల్లలు పెట్టబోతోందా? నేనేమైనా చెయ్యాలా? పిల్లల్ని మనిషి ముట్టుకుంటే తల్లి తినేస్తుందని పక్కింటావిడ చెప్పింది. పాప బోను ముందు నుంచి లేవట్లేదు. నాకు టెన్షన్‌గా ఉంది.

రవి_4477

గజ్జే అయి ఉంటుంది మేడమ్. మా కుక్కకి కూడా ఇలాగే బొచ్చు ఊడింది. వేపనూనె రాయండి, వారంలో తగ్గిపోతుంది.

పలమనేరు_షెడ్డు

వేపనూనె రాయకు తల్లీ. రేపు పొద్దున ఆ పొట్టకే పిల్లలు నోళ్లు పెడతాయి.

మాది పలమనేరు పక్క పల్లె. కుందేళ్ల షెడ్డు ఉంది, ఎక్కువ న్యూజిలాండ్ వైట్, కొన్ని సోవియట్ చించిల్లా. మొదటి జతలు కొడైకెనాల్ పైన మన్నవనూరులో ఉన్న ప్రభుత్వ గొర్రెల పరిశోధనా కేంద్రం నుంచి తెచ్చుకున్నాం. మా ఇంటాయన మేత చూస్తాడు, కాన్పులు నావి.

గజ్జి పట్టిన కుందేలు గోక్కుంటుంది, చెవుల అంచుల్లో, ముక్కు మీద తెల్లగా పొట్టు లేస్తుంది. నీ కుందేలు గోక్కోవడం లేదు, గూడు కడుతోంది. కడుపు కింద బొచ్చు పీకితే రెండు పనులు అవుతాయి. గూట్లోకి వెచ్చటి పరుపు వస్తుంది, బొచ్చులో దాగిన చన్నులు బయటపడతాయి. పిల్లలు పుట్టే ముందు కొన్ని గంటల నుంచి ఒక రోజు లోపల ఈ పని పెట్టుకుంటుంది. కాబట్టి ఈ రాత్రికో, తెల్లవారుజామునో అనుకో.

ముందు ఆ రెండోదాన్ని తీసెయ్. తిరగేసి చూడు, వెనక కాళ్ల మధ్య రెండు సంచులు పొడుగ్గా కనబడితే అది మగది. కనబడతాయనే నా అనుమానం. కుందేలు ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టేస్తుంది. ఒక వైపు పాలిస్తూనే ఇంకో వైపు మోస్తుంది. అందుకని మగదాన్ని ఇప్పుడే వేరే గదిలో పెట్టు, రేపు చూద్దాంలే అనుకోకు.

తర్వాత పెట్టె. జాలీ మీద ఈనిందంటే పిల్లలు సందుల్లోంచి జారిపోతాయి, లేదా చలికి పోతాయి. అడుగున్నర పొడుగు, అడుగు వెడల్పు ఉన్న చెక్కపెట్టె ఏదైనా సరే. చెక్క దొరక్కపోతే ఈ ఒక్కసారికి గట్టి అట్టపెట్టె వాడు. ఒక పక్క అంచు బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ ఉండేలా కొయ్యి, తల్లి దూకడానికి. మరీ కిందికి కొయ్యొద్దు. పాలు తాగుతూ చన్ను వదలని పిల్లని తల్లి ఈడ్చుకుంటూ బయటికి దూకుతుంది, ఆ అంచు తగిలి పిల్ల లోపలే పడాలి. అడుగున మెత్తటి ఎండుగడ్డి మందంగా పరువు. దూది, పాత చీర పేలికలు, దారాలు వేసేవు సుమా! పిల్లల కాళ్లకి చుట్టుకుంటే ఆ కాలు పోతుంది. అది వేసుకున్న కుప్పని, పీకిన బొచ్చుతో సహా, అలాగే ఎత్తి పెట్టెలో పెట్టి అదే మూల ఉంచు.

నీళ్లు రెండు గిన్నెల నిండా పెట్టు. తల్లి పిల్లల్ని తినడం అనేది ఉట్టి పుకారు కాదు, కానీ దానికి నీ చెయ్యి వాసన కారణం కాదు. మొదటి కాన్పుకి బెదిరిపోయినా, దప్పికతో ఉన్నా, మాయ తింటూ తింటూ ఆపలేకపోయినా పిల్లని కొరుకుతుంది. కుక్క అరుపు, టపాకాయ, పదిమంది బోను చుట్టూ మూగడం, ఇవే అసలు ప్రమాదం. పాపని పడుకోబెట్టు. బోను మూడు పక్కలా గోనెపట్టా కట్టు. నువ్వూ పడుకో. అది ఒక్కతే ఈనుకుంటుంది. అన్నీ కలిపి అరగంట కూడా పట్టదు, చాలాసార్లు పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. నేను షెడ్డులో ఉండి కూడా కళ్లారా చూసిన కాన్పులు తక్కువే. పొద్దున వెళ్లేసరికి బొచ్చు కింద ఏదో కదులుతూ ఉంటుంది, అంతే.

సుజాత_ఖమ్మం

అక్కా, మీరు చెప్పినట్టే జరిగింది. రెండోది మగదే. మా వారు దాన్ని రాత్రే లోపల గదిలో గంప కింద పెట్టారు. తెల్లారి ఐదింటికి లేచి చూస్తే పెట్టెలో బొచ్చు కదులుతోంది. లెక్కపెట్టాను, ఏడు. గులాబీ రంగులో, ఒంటి మీద వెంట్రుక లేదు, కళ్లు మూసుకుని ఉన్నాయి, చెవులు తలకి అతుక్కుపోయి ఉన్నాయి. బొటనవేలంత పొడవు కంటే కొంచెం ఎక్కువ. అందులో ఒకటి చచ్చిపోయింది. ఇంకొకటి పెట్టె బయట పడి చల్లగా ఉంది, అది కూడా పోయినట్టే ఉంది.

అసలు భయం ఏంటంటే తల్లి వాటి దగ్గరికే పోవట్లేదు. బోనుకి అవతలి మూల కూర్చుని గడ్డి తింటోంది. పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా పాలివ్వలేదు. పిల్లి అయితే పిల్లల్ని పొట్టలో పెట్టుకుని పడుకుంటుంది కదా. దీనికి పిల్లలంటే ఇష్టం లేదేమో. డ్రాపర్‌తో ఆవుపాలు పట్టమంటారా?

రవి_4477

గజ్జి మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆవుపాలు గోరువెచ్చగా పట్టొచ్చు అనుకుంటా మేడమ్, పాపం చిన్నవి.

పలమనేరు_షెడ్డు

రవీ, నువ్వు కాసేపు ఆగు నాయనా.

సుజాతమ్మా, ముందు బయట పడ్డ పిల్ల సంగతి. చల్లబడిన పిల్ల అచ్చం చచ్చినదానిలాగే ఉంటుంది. వెచ్చబెట్టి చూసేదాకా పారెయ్యకూడదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నీ ఒంటికి ఆనించుకో. వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి దాని పక్కన పెట్టినా సరే. కాసేపటికి నోరు తెరిచి గాలి పీల్చినట్టు చేస్తుంది, కాళ్లు కదుపుతుంది. ఒళ్లు వెచ్చబడ్డాకే మిగతా వాటి మధ్యలో పెట్టు. చల్లగా ఉన్నప్పుడు పాలు పట్టావంటే అరగదు, ఊపిరితిత్తుల్లోకి పోయినా పోతుంది. తల్లి దాన్ని తెచ్చి లోపల వేస్తుందని మాత్రం చూడకు. పిల్లి, కుక్క నోట కరిచి తెచ్చుకుంటాయి, కుందేలుకి ఆ అలవాటు లేదు. బయట పడిన పిల్ల బయటే. తెచ్చి వెయ్యాల్సింది నువ్వే, చేత్తోనే. చచ్చినదాన్ని, తడిసిన గడ్డిని తీసెయ్.

ఇక పాల సంగతి. కుందేలు రోజుకి ఒకసారి పాలిస్తుంది, కొన్ని రెండుసార్లు. అది కూడా మూడు నాలుగు నిమిషాలు. ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో. నువ్వు లేచేసరికి ఇచ్చేసి వచ్చి గడ్డి తింటోంది, అంతే.

ఎందుకంటావా. అడవిలో దీని పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ వైపు. అక్కడ తల్లి పిల్లల కోసం విడిగా ఒక బొరియ తవ్వుతుంది. పాలిచ్చాక పైకొచ్చి మూతి మట్టితో పూడ్చేసి వెళ్లిపోతుంది, మళ్లీ మర్నాటి దాకా అటు పోదు. నక్కకో ముంగిసకో తల్లి వాసన జాడే దొరుకుతుంది, పిల్లలకి వాసన తక్కువ. అది పక్కన కూర్చుంటే పిల్లలున్న చోటు చూపించినట్టే. నీ బాల్కనీలో నక్క లేదు కానీ ఆ సంగతి దానికి తెలియదు. దూరంగా కూర్చుందంటే తల్లి పని సరిగ్గా చేస్తోందని లెక్క. దాన్ని బలవంతంగా పెట్టెలోకి తోశావంటే బెదిరి పిల్లల్ని తొక్కుతుంది.

పాలు అందాయో లేదో తెలుసుకోవడానికి పిల్లల పొట్ట చూడు. చెయ్యి తల్లి బొచ్చుకి రాసి, ఒక్కో పిల్లనీ తీసి చూడు. తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా ఉబ్బి బుడ్డ టమాటాలా ఉంటుంది, పల్చటి చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తాయి. తాగని పిల్ల చర్మం ముడతలు పడి వేలాడుతుంది, చెయ్యి పెట్టగానే ఎగిరెగిరి పడుతుంది. రోజుకొకసారి పొద్దున చూస్తే చాలు. వంటింటి కాటా ఉంటే తూకం వెయ్యి. పుట్టినప్పుడు ఒక్కోటి 40 నుంచి 60 గ్రాములుంటుంది, వారానికి రెట్టింపు కావాలి. ఆరు పిల్లలంటే దానికి సులువే. చన్నులు ఎనిమిదో పదో ఉంటాయి.

ఎండాకాలం కదా, ఖమ్మంలో ఇప్పుడు ఎంతుంటుందో నాకు తెలుసు. మాకే ఇక్కడ కష్టంగా ఉంది. పిల్లలకి మొదటి వారం వెచ్చదనం కావాలి, తల్లికి మాత్రం ముప్పై డిగ్రీలు దాటితే ఆయాసం మొదలవుతుంది. ఈ రెండూ ఒక్క బోనులో సర్దాలి, అదే మీ ఊళ్లో కుందేళ్లతో వచ్చే తిప్పలు. మధ్యాహ్నం బోనుకి ఒక పక్క తడి గోనె వెయ్యి, గడ్డకట్టిన నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి తల్లి కూర్చునే చోట పెట్టు. కూలర్ గాలి పెట్టె మీదికి రాకూడదు. పిల్లలు ఒకదాని మీద ఒకటి కుప్పగా ఉన్నాయంటే సరిపోయిందని. విడివిడిగా పరుచుకుని, బొచ్చు మీదికొచ్చి రొప్పుతున్నాయంటే ఉక్క ఎక్కువైంది, కొంత బొచ్చు తీసి గోనెసంచిలో దాచు, మళ్లీ అవసరం పడొచ్చు.

డాక్టర్_పశువైద్యం

పై ఆవిడ చెప్పింది సరైనదే. నేను పశువైద్యుడిని, కొన్ని మాటలు కలుపుతాను.

ఆవుపాలు వద్దు. కుందేలు పాలలో కొవ్వు దాదాపు 12 శాతం, ఆవుపాలలో నాలుగు చుట్టుపక్కల. పైగా కుందేలు పాలలో లాక్టోజు బాగా తక్కువ. రోజుకొక పూట తాగి ఇరవైనాలుగు గంటలు ఆగగలగడానికి కారణం ఆ చిక్కదనమే. ఆవుపాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి నిజంగానే చనిపోతే పిల్లి పిల్లల కోసం అమ్మే పాలపొడి వాడుకోవచ్చు, కానీ ఆ అవసరం మీకు లేదు.

కళ్లు, చెవులు మూసుకున్న పిల్లలు మూడు నిమిషాల్లో చన్ను ఎలా పట్టుకుంటాయో ఆశ్చర్యంగా ఉంటుంది. తల్లి పాలల్లోనే ఒక వాసన ఉంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఆ రసాయనాన్ని 2003లో గుర్తించారు. గాజు కడ్డీకి అది పూసి ముక్కు దగ్గర పెట్టినా పిల్ల నోరు తెరిచి వెతకడం మొదలుపెడుతుంది. తల్లి వచ్చే వేళ కూడా వాటికి తెలుస్తుంది. ఆ వేళకి ముందే కదలడం మొదలుపెట్టి బొచ్చు తోసుకుని పైకి వస్తాయి. తల్లి పెట్టెలో కొన్ని పెంటికలు వదిలిపెడుతుంది, వారం దాటిన పిల్లలు వాటిని కొరుకుతాయి. చూసి అసహ్యపడి కడగకండి. పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవులు అక్కడి నుంచే అందుతాయి.

కుందేలుకి ఆవులా మూడు వారాలకోసారి ఎద రాదు. జతకట్టిన పది పన్నెండు గంటలకి అండాలు విడుదలవుతాయి. మోసే కాలం 31 రోజులు, ఒకటి రెండు అటూ ఇటూ. కట్టినా కడుపు నిలవకపోతే 16-18 రోజుల ప్రాంతంలో ఇలాగే బొచ్చు పీకి గూడు కడుతుంది, పిల్లలు మాత్రం ఉండవు. అలా కట్టేవాటిని చూసి కంగారు పడేవాళ్లు చాలామంది.

ముఖ్యమైన సంగతి ఒకటి. తల్లి చన్ను గట్టిపడి, ఎర్రగా వేడిగా అనిపిస్తే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెడికల్ షాపులో ఎవరో చెప్పారని అమాక్సిసిలిన్ నోట్లో పొయ్యకండి. మనుషులకి మామూలు మందే, కుందేలుకి నోటి ద్వారా ఇస్తే పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికొస్తుంది.

ఆత్మకూరు_రైతు

అందరూ గుడ్డి పిల్లలు, బోడి పిల్లలు అంటున్నారు. మాది నల్లమల అంచున. పోయిన శీతాకాలం శనగ చేలో గడ్డి దుబ్బు కింద రెండు చెవులపిల్లి పిల్లలు కనిపించాయి. ఒంటి నిండా బొచ్చు, కళ్లు పెద్దవిగా తెరుచుకుని నావైపే చూస్తున్నాయి. బొరియ లేదు, గూడు లేదు. పుట్టి ఒకటి రెండు రోజులై ఉంటుంది, అంతకు ముందు రోజు అక్కడే కలుపు తీశాం, అప్పుడు లేవు. మరి మీరు చెప్పేది ఎలా నిజం?

డాక్టర్_పశువైద్యం

మీరు చూసిందీ నిజమే, పై వాళ్లు చెప్పిందీ నిజమే. అది వేరే జంతువు. మన చేలల్లో తిరిగేది అడవి కుందేలు. అది బొరియ తవ్వదు. 40 రోజుల పైనే మోసి బొచ్చుతో, తెరిచిన కళ్లతో ఉన్న పిల్లల్ని ఒకటో రెండో మూడో పెడుతుంది. పుట్టిన కాసేపటికే అవి గెంతగలవు. బోన్లలో పెంచే తెల్ల కుందేలు యూరప్ నుంచి వచ్చిన జాతి, మన అడవుల్లో అది లేదు. రెండిటికీ సంకరం కూడా కుదరదు.

ఒక్క పోలిక మాత్రం ఉంది. మన చెవులపిల్లి తల్లి కూడా పగలంతా పిల్లలకి దూరంగానే ఉంటుంది. అందుకే దుబ్బులో కనిపించిన పిల్లలు అనాథలనుకుని ఇంటికి తేవద్దు. తల్లి చీకటి పడ్డాక వస్తుంది. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టుకోవడం, పెంచడం నేరం.

ఆత్మకూరు_రైతు

తేలేదు లెండి. ఆ దుబ్బు వదిలేసి చుట్టూ కలుపు తీశాం. మర్నాటికి అవి అక్కడ లేవు. మా కూలీలు మాత్రం ఒకటే గొడవ.

సుజాత_ఖమ్మం

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. బయట పడ్డ పిల్ల బతికింది. మా అత్తయ్యగారు దాన్ని జాకెట్టులో వేసుకుని కూర్చున్నారు, వంట కూడా నాచేతే చేయించారు. ఇప్పుడు ఆరింటికీ తెల్లటి నూగు వచ్చి మఖమల్‌లా ఉన్నాయి, నిన్నటి నుంచి ఒక్కోటి కళ్లు తెరుస్తున్నాయి. ఒకదానికి మాత్రం ఒక కన్ను అంటుకుపోయి ఉంది. రెండో సందేహం, కింది ఫ్లాట్ వాళ్లు రెండు పిల్లలు కావాలంటున్నారు. ఇరవై రోజులకి ఇచ్చెయ్యొచ్చా?

పలమనేరు_షెడ్డు

మీ అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పు. మా షెడ్డులోకి పనికొస్తారు.

కళ్లు పది పన్నెండు రోజులకి తెరుచుకోవాలి. పన్నెండు దాటినా అంటుకునే ఉంటే కాచి చల్లార్చిన నీళ్లలో దూది తడిపి, పుసి మెత్తబడేదాకా అద్ది మెల్లగా తుడువు. గిల్లి తెరవకు. కింద చీము ఉంటే డాక్టరుకి చూపించు, ఆలస్యం చేస్తే చూపు పోతుంది.

ఇరవై రోజులకి ఇవ్వొద్దు. అప్పటికి పెట్టె దూకి బయటికొచ్చి తల్లి మేత కొరకడం మొదలుపెడతాయి, చూడటానికి పెద్దవాటిలాగే ఉంటాయి, అందుకే సంతలో ఆ వయసువే అమ్ముతారు. కొనుక్కున్న వాళ్లు క్యాబేజీ, క్యారెట్ పెడతారు, వారంలో విరేచనాలతో పోతాయి. కడుపు పాల నుంచి గడ్డికి మారడానికి టైమ్ పడుతుంది. ఆరు వారాలు తల్లి దగ్గర ఉండనీ, ఎనిమిదికి ఇస్తే ఇంకా మంచిది. ఇచ్చేటప్పుడు నువ్వు పెట్టే గడ్డే ఒక సంచెడు వాళ్లకీ ఇవ్వు. పచ్చి ఆకులు మూడు నెలలదాకా చిటికెడు చిటికెడే.

సుజాత_ఖమ్మం

సరే అక్కా. మగదాన్ని మళ్లీ ఎప్పుడు కలపొచ్చు? గంప కింద నుంచి ఒకటే గోల చేస్తోంది, పాపకి జాలేస్తోంది.

పలమనేరు_షెడ్డు

కలపకు. కలిపితే నెలకి మళ్లీ ఏడు. దానికి వేరే బోను చేయించు, జాలీ మధ్యలోంచి ఒకదాన్నొకటి చూసుకుంటే చాలు. ఈ ఎండలకి మగవి ఎలాగూ నీరసిస్తాయి, అయినా నమ్మొద్దు. రెండు నెలలు దాటాక పిల్లల్ని కూడా చూసుకోవాలి. వెల్లకిలా పట్టుకుని తోక దగ్గర రెండు వేళ్లతో మెల్లగా నొక్కు. గుండ్రంగా బొడిపెలా పైకి లేస్తే మగది, నిలువు చీలికలా కనిపిస్తే ఆడది. మూడో నెల నిండేలోపు మగవి ఒక పక్క, ఆడవి ఒక పక్క. అనుమానం ఉన్నదాన్ని విడిగా పెట్టి వారం తర్వాత మళ్లీ నొక్కి చూడు.